ఆత్మలను పరీక్షించిన ఏడాది

1999లో మా పల్లెకు వచ్చిన బోధకుడి పేరు ఇక్కడ రాయను. ఆయన పిల్లలు ఎక్కడో ఒకచోట తలెత్తుకుని బతుకుతూ ఉంటారు. ఆయన వెంట నడిచిన గుంపు ఇప్పుడు లేదు. ఆ ఏడాది చేజర్ల మండలంలోని మా పల్లెలో జరిగింది కళ్లారా చూసిన పెద్దవాళ్లు చాలామంది పోయారు. బడిలో పాఠాలు చెప్పుకుంటూ బతికినదాన్ని, నాలుగు మాటలు రాయగలిగినదాన్ని కాబట్టి ఆ బాధ్యత నాదనుకుని రాస్తున్నాను. సత్యమైన విశ్వాసానికీ దుర్బోధకూ మధ్య గీత ఎక్కడ ఉందో నేను పుస్తకాల్లో చదవకముందే మా వీధిలో చూశాను.

మాది పెన్నకు దక్షిణాన ఉన్న మెట్ట ప్రాంతం. చెరువు నిండిన ఏడు వరి, నిండని ఏడు నిమ్మతోటల్లో కూలి. కోసిన నిమ్మకాయలు పొదలకూరు మార్కెట్టుకు పోతాయి. అప్పులు మీదపడిన ఇళ్లలోంచి ఆడవాళ్లు కువైట్‌కు పోతారు. మా ముత్తాతలు తోళ్లు ఊనినవాళ్లు, చెప్పులు కుట్టినవాళ్లు. ఊరికి దూరంగా, మురుగు పారే వైపు మా పల్లె. పల్లె మధ్యలో బాప్టిస్టు మందిరం.

ఆ మందిరం వెనక ఉన్న చరిత్ర మా తాత నోట విన్నాను, తర్వాత చదివాను. శామ్యూల్ డే దొర 1840లో నెల్లూరులో మిషన్ మొదలుపెట్టారు. ఏళ్లు గడిచినా చేరినవాళ్లు బహు కొద్దిమంది. అమెరికాలో ఆ మిషన్‌ను మూసేద్దామని ఒకసారికి రెండుసార్లు ఆలోచించారు. ‘ఒంటరి నక్షత్రం’ అని దానికి పేరు. 1866లో ఒంగోలు వైపు యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. తోళ్ల వ్యాపారం చేసే మాదిగాయన. అంతకుముందు యోగ గురువుల దగ్గర కూర్చుని దేవుణ్ణి వెతికినాయన. ఆయన మాటతో, ఆయనలాంటి వాళ్ల నడకతో పల్లెలు కదిలాయి. 19వ శతాబ్దం ముగిసేలోపే ఉదయగిరి, ఆత్మకూరు కూడా మిషన్ కేంద్రాలయ్యాయి.

మా తాత అన్నిటికంటే గొప్పగా చెప్పుకున్నది కరవు సంగతి. 1876–78 కరవులో మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో ఒక భాగం తవ్వించే పని ఒప్పుకుని వేలమందికి కూలి దొరికేట్టు చేశారు. జనం బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూటి కోసం వస్తున్నారో క్రీస్తు కోసం వస్తున్నారో తేలేదాకా ఏడాదికి పైగా ఆపేశారు. కరవు పని ముగిశాక 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. “ఆకలితో ఉన్నోడి మీద దేవుడి పేరుతో వల వెయ్యలేదు మే ఆయన. ఆగినాడు” అనేవాడు తాత. ఆ మాట విలువ నాకు 1999లో తెలిసింది.

* * *

ఆ బోధకుడు ఆ ఏడు ఎండాకాలం మొదట్లో వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో బైబిలు, సంచిలో నల్లట్ట నోటుపుస్తకం. మొదటి రోజుల్లో ఆయన నోట ఒక్క తప్పు మాట నేను వినలేదు. యేసు రక్షకుడన్నాడు, పాపం ఒప్పుకోమన్నాడు, ప్రార్థన చేయమన్నాడు. గొంతు మంచిది. రాత్రి పదింటిదాకా ఏదో ఒక ఇంటి వాకిట్లో కూటం. 1992లో దూబగుంట ఆడవాళ్లు లేపిన ఉద్యమం మా జిల్లాలో సారాను తరిమింది గానీ, 1997లో మద్యనిషేధం సడలించాక బ్రాందీ సీసాలు పల్లెల్లోకి వచ్చాయి. ఆయన మాట విని ఇద్దరు ముగ్గురు తాగుడు మానేశారు. వాళ్ల భార్యలు ఆయన కాళ్లకు మొక్కబోతే వెనక్కి జరిగి వద్దన్నాడు. అది కూడా నేను చూశాను.

జనం ఎందుకు వెళ్లారో న్యాయంగా చెప్పాలి. మా పాస్టరు అయ్యగారికి నాలుగైదు ఊళ్లు. సైకిలు మీద తిరిగేవారు, రెండు వారాలకొకసారి గానీ మాకు దొరికేవారు కాదు. ఈయన రోజూ ఉన్నాడు. జ్వరమొచ్చిన బిడ్డ దగ్గర తెల్లార్లూ కూర్చున్నాడు. ఊళ్లో పేరు పెట్టి ‘ఒరే’ అని పిలిపించుకునే ముసలివాళ్లను ‘దేవుని సైన్యాధిపతీ’ అని పిలిచాడు. జీవితమంతా వంగి నడిచిన మనిషికి ఆ పిలుపు ఎంత కమ్మగా ఉంటుందో, ఆ వంగుబాటు ఎరగనివాళ్లకు తెలియదు.

మార్పు నెమ్మదిగా వచ్చింది. మందిరంలో తీసుకున్న బాప్తిస్మం చెల్లదన్నాడు, తన చేతుల మీదుగా మళ్లీ తీసుకోవాలన్నాడు. తర్వాత బైబిలు పాతకాలపు వాళ్లకు చాలింది గానీ కడవరి దినాలకు కొత్త వెలుగు కావాలన్నాడు. ఆ వెలుగు నల్లట్ట పుస్తకంలో ఉంది. తనకు కలిగిన దర్శనాలు అందులో రాసుకున్నాడు. కూటంలో బైబిలు ఒక వచనం చదివితే ఆ పుస్తకం ఒక గంట చదివేవాడు. దాన్ని ఇంకొకరు ముట్టుకోకూడదు. ఆ తర్వాత మిగతా సంఘాలన్నీ బబులోను అన్నాడు. కూటానికి రాని అన్నతో మాట్లాడొద్దు, రాని అత్త చేతి కూడు తినొద్దు. చివరకు ఒక రాత్రి, రావలసిన ఏలీయా తానేనన్నాడు. అప్పటికి వినేవాళ్లు లేచి వచ్చే స్థితిలో లేరు.

ఒకేసారి ఇదంతా చెప్పి ఉంటే మా పల్లె చీపురు తిరగేసేది. ప్రతి మెట్టు దగ్గరా కిందటి మెట్టు అలవాటైపోయి ఉంది.

* * *

మందిరం కమిటీలో కుర్రవాళ్లు ఆయన్ను కొట్టి పంపుదామన్నారు. ఒకరు పోలీసు కేసు అన్నారు. అయ్యగారు ఒప్పుకోలేదు. రామాయపట్నం సెమినరీలో చదివినాయన, నెమ్మదస్తుడు. “ముందు వినాల. వినకుండా దుర్బోధ అని ముద్ర వేస్తే మనం కూడా అబద్ధం చెప్పినట్టే” అన్నారు. తానే పోయి ఆ కూటాల్లో వెనక చాప మీద కూర్చున్నారు. వరసగా కొన్ని రాత్రులు విన్నారు. ఎవరేం ఎగతాళి చేసినా నోరెత్తలేదు.

తర్వాతి ఆదివారం సాయంత్రం పెట్రోమాక్స్ దీపం కింద మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడారు. నాకు ఇప్పటికీ ఆ వరస గుర్తుంది. ముందు, ఏది దుర్బోధ కాదో చెప్పారు.

“డప్పు కొట్టి పాడతారనా? పాడనీండి. భాషల్లో ప్రార్థన చేస్తారనా? పెంతెకొస్తు వాళ్లు చేస్తారు, వాళ్లు మన సోదరులే. రోగుల కోసం నూనె రాసి ప్రార్థిస్తారనా? యాకోబు పత్రికలో ఉండాది. లూథరన్లు పసిబిడ్డకు బాప్తిస్మం ఇస్తారు, మనం ఇయ్యం. భక్త సింగ్ గారు ఏ మిషనూ లేకుండా సంఘాలు కట్టినారు. ఇవన్నీ ఒక ఇంటి అన్నదమ్ముల తగువులు. రాత్రికి అందరం ఆ కప్పు కిందనే పడుకుంటాం.”

ఒక కుర్రాడు లేచి, “మరి దర్శనాలు అయ్యగారూ?” అన్నాడు.

“ముంగమూరి దేవదాసు అయ్యగారు దర్శనం కలిగిందనే 1938లో బైబిల్ మిషన్ మొదలుపెట్టినారు. ఆయన రాసిన కీర్తనలు మన పాటల పుస్తకంలో ఉండాయి, మనం పాడతా ఉండాం. దర్శనం చూసినానన్న మాట ఒక్కటే పట్టుకుని ఎవుర్నీ తోసెయ్యకూడదు. ఆ దర్శనం యేసును ఏం చేసింది? అది అడగాల. ఆయన్ని ఇంకా స్పష్టంగా చూపిందా, ఆయన ముందు తెర దించిందా?”

అప్పుడు బైబిలు తీయించారు. ద్వితీయోపదేశకాండం 18లో ప్రవక్త చెప్పింది జరగకపోతే అది దేవుని మాట కాదని ఉంది. అంతమాత్రమే మాకు తెలుసు. ఆయన 13వ అధ్యాయం కూడా చదివించారు. చెప్పిన సూచన జరిగినా సరే, ఆ మనిషి మిమ్మల్ని వేరే దేవుని వెంట తిప్పితే వినవద్దని అక్కడుంది. “జ్వరం తగ్గిందంటున్నారు. తగ్గిందే అనుకోండి. దేవుడు దయగలోడు. అయితే జ్వరం తగ్గినంత మాత్రాన ఆ బోధ నిజమని తేలదు. అద్భుతం సాక్ష్యమే, తీర్పు కాదు” అన్నారు. గలతీ పత్రికలో, పరలోకం నుంచి దూత దిగివచ్చి వేరే సువార్త చెప్పినా తిరస్కరించమని పౌలు రాసిన చోటు చదివించారు. బెరయ వాళ్లు ఆ పౌలు మాటను కూడా లేఖనాలతో సరిచూసుకున్నారని అపొస్తలుల కార్యముల 17వ అధ్యాయం చూపించారు. “అపొస్తలుణ్ణే సరిచూసుకున్నారు. నన్ను చూసుకోండి, ఆయన్నీ చూసుకోండి. చూసుకోవద్దన్నోడు ఎవడో అప్పుడు తెలిసిపోతాది” అని ముగించారు.

* * *

అయ్యగారు అంతసేపు చెప్పినదాన్ని మా అవ్వ ఒక్క ప్రశ్నలో తేల్చింది.

అవ్వ పుట్టిల్లు గూడూరు వైపు లూథరన్ పల్లె. అక్షరం రాదు. కానీ చిన్నప్పుడు ఉపదేశకుడు వల్లె వేయించిన అపొస్తలుల విశ్వాస ప్రమాణం, లూథరు 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరి ఆమెకు కంఠతా. సృష్టికర్తయైన తండ్రి, కన్యకు పుట్టి పిలాతు కింద బాధపడి చనిపోయి లేచిన కుమారుడు, పరిశుద్ధాత్మ, ఒక్క సంఘం, పాపక్షమాపణ, శరీర పునరుత్థానం. వడ్లు చెరుగుతూ కూడా వరస తప్పకుండా చెప్పేది. మా బాప్టిస్టు మందిరంలో ప్రతి వారం అది చెప్పే అలవాటు లేదు. ఆమె ఇంట్లో చెప్పుకునేది.

బోధకుడు ఆమెను కూటానికి పిలవడానికి మా అరుగు మీదికి వచ్చాడు. నేను అక్కడే నోటుపుస్తకాలు దిద్దుతున్నాను. మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి అవ్వ అడిగింది:

“అబ్బోడా, ఒక మాట అడగతా, చెప్పు. యేసయ్య సిలవ మీద చేసింది నాకు చాలా, చాలదా?”

“చాలు అవ్వా. కానీ ఈ కడవరి దినాల్లో…”

“చాలు అన్నాక కానీ ఎందుకు నాయనా?”

ఆయన నల్లట్ట పుస్తకం తీశాడు. తన గుంపులో పేరు రాయించుకున్నవాళ్లకే ముద్ర పడుతుందని చదవబోయాడు. అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. “నాకు చదువు రాదు. ఆ పుస్తకం టీచరమ్మ చేతికియ్యి, ఆమె చదివి చెప్తాది.” ఆయన ఇవ్వలేదు. సంచిలో పెట్టుకుని, మీ ఇంట్లో చీకటి ఉందని చెప్పి లేచిపోయాడు. మజ్జిగ గ్లాసు అట్లాగే ఉంది.

సెమినరీ చదివిన అయ్యగారు బైబిలులో చూపించిన చోటికి, అక్షరం రాని అవ్వ తను వల్లెవేసిన ప్రమాణంతోనే చేరుకుంది. మన పూర్వీకులు విశ్వాస ప్రమాణాలను ఎందుకు కూర్చారో నాకు ఆ అరుగు మీద అర్థమైంది. పుస్తకం కొనలేనివాళ్ల చేతిలో కూడా కొలబద్ద ఉండాలని.

* * *

మా చిన్నాయనకు అప్పటికి క్షయ. మందులు మొదలుపెట్టి కొన్నాళ్లయింది, దగ్గు తగ్గుతూ ఉంది. ఆ మాత్రల్లో ఒకటి మింగితే మూత్రం ఎర్రగా వస్తుంది. రిఫాంపిసిన్ గుణం అది, ఆసుపత్రిలో ముందే చెప్తారు. ఆ రంగు చూపించి బోధకుడు, మాత్రలు నీ రక్తాన్ని తోడేస్తున్నాయన్నాడు. మాత్ర మింగడం దేవుణ్ణి అనుమానించడమన్నాడు. చిన్నాయన మానేశాడు. సగంలో మానేస్తే క్షయ మరింత మొండిగా తిరగబడుతుందని నేను పోయి చెప్పాను. ఆయన నా వైపు చూడలేదు. నాతో మాట్లాడొద్దని ఆయనకు ఆజ్ఞ.

అయ్యగారు పోయి మంచం పక్కన కూర్చున్నారు. “తమ్ముడూ, మాత్ర మింగి ప్రార్థన చెయ్యి. సువార్త రాసిన లూకా వైద్యుడే. మన మిషన్ వాళ్లు నెల్లూరులో ఆడవాళ్లకు ఆసుపత్రి కట్టింది దేవుడి మీద నమ్మకం లేకనా?” అన్నారు. చిన్నాయన కళ్లలో నీళ్లు వచ్చాయి గానీ నోట మాట రాలేదు. పిన్నమ్మ మాత్రం మాత్రలను బియ్యం డబ్బాలో దాచింది. ఆయన ఒప్పుకున్న రోజు ఒకటి ఇచ్చేది, లేని రోజు లేదు.

ఆ ఏడాది సూచనలకు కొదవ లేదు. కార్గిల్ యుద్ధం. ఆగస్టు 11న సూర్యగ్రహణం, మన శ్రీకాకుళం వైపు సంపూర్ణంగా పట్టింది. అక్టోబరు 29న ఒడిశాను ముంచిన మహా తుపాను. కంప్యూటర్లు ఆగిపోతాయని పేపర్ల నిండా వార్తలు. బోధకుడికి ఒక్కొక్కటి ఒక్కో ముద్ర విప్పినట్టు కనిపించింది. డిసెంబరు 31 అర్ధరాత్రి ప్రభువు వస్తాడని, కొత్త యెరూషలేము వెలిగొండల కింద ఒక చదునుమీద దిగుతుందని ప్రకటించాడు. మేకలు అమ్మేశారు. కువైట్ నుంచి కూతురు పంపిన డబ్బు ఒకామె ఆయన చేతిలో పెట్టింది. నా క్లాసులో చురుకైన పిల్ల పదో తరగతి పరీక్ష ఫీజు కట్టలేదు. ప్రభువు వచ్చేటప్పుడు పరీక్షలెందుకు టీచర్ అంది.

ఆ దినం గానీ ఆ గడియ గానీ ఎవరికీ తెలియదని యేసే చెప్పిన మాట మార్కు 13లో ఉంది. అయ్యగారు దాన్ని చూపించి ఇంకో రెండు సంగతులు చెప్పారు. రెండో శతాబ్దంలో ఫ్రుగియ దేశంలో మొంటాను అనే ఆయన, ఇద్దరు ప్రవక్త్రులతో కలిసి, పరిశుద్ధాత్మ తమ నోటితోనే మాట్లాడుతున్నాడని చెప్పాడట. కొత్త యెరూషలేము పెపూజా అనే తమ ఊరి దగ్గరే దిగుతుందని వాళ్లు చాటారు. “పదిహేడు, పద్దెనిమిది వందల ఏళ్ల కింద జరిగింది. ఊరి పేరే మారింది, కథ అదే” అన్నారు. తర్వాత అమెరికాలో విలియం మిల్లర్ లెక్కలు వేసి క్రీస్తు వచ్చే కాలం చెప్పాడు. ఆయన అనుచరులు 1844 అక్టోబరు 22 అని తేదీ పెట్టుకుని ఎదురుచూశారు. పొలాలు కోయకుండా వదిలేసినవాళ్లున్నారు. “మిల్లర్ ఎవరనుకున్నారు? మన బాప్టిస్టే. కాబట్టి మనకి ఈ తెగులు రాదని ఎవురూ ఛాతీ విరవబాకండి.”

* * *

డిసెంబరు 31 రాత్రి పల్లెలో సగం ఇళ్లు ఖాళీ. అయ్యగారు పొద్దుగూకకముందే పెద్ద గుండిగలో పులిహోర కలిపించారు. ఎందుకని అడిగితే, “తెల్లారేసరికి వాళ్లకు ఆకలేస్తాది. ఎగతాళి చేసేవాళ్లు బోలెడుమంది ఉంటారు. అన్నం పెట్టేవాళ్లు కూడా ఉండాల గదా” అన్నారు. ఒక ట్రాక్టరులో గుండిగ, నీళ్ల డ్రమ్ములు, దుప్పట్లు వేసుకుని మేం కొందరం పోయాం.

కొండ కింద చలి. తెల్లబట్టలు కట్టుకున్న మనుషులు, ఒళ్లో నిద్రపోయిన పిల్లలు. చిన్నాయనను మంచంతో సహా మోసుకొచ్చారు. పన్నెండు దగ్గరపడేకొద్దీ పాట హెచ్చింది. పన్నెండయింది. పాట ఆగలేదు. ఒంటిగంటకు గొంతులు తగ్గాయి. తర్వాత ఒక పిల్లవాడు ఇంటికి పోదామని ఏడవడం మొదలుపెట్టాడు. అయ్యగారు దూరంగా మా మధ్య కూర్చుని ప్రార్థన చేస్తూనే ఉన్నారు, దగ్గరికి పోలేదు, ఒక్క మాట అనలేదు.

తూర్పు తెల్లబడ్డాక బోధకుడు లేచాడు. తన మాట తప్పిందని అనలేదు. ప్రభువు వచ్చి, ఇక్కడి పాపం చూసి వెనుదిరిగాడన్నాడు. మీలో ఎవరో దొంగచాటుగా మాత్రలు దాచారన్నాడు. అందరూ మా పిన్నమ్మ వైపు తిరిగారు. జబ్బుపడిన భర్త మంచం పట్టుకుని నిలబడిన ఆ మనిషి మీద, ఒక ఏడాది ఆశంతా కూలిన భారం పెట్టేశాడు. నా జీవితంలో మతం పేరుతో చూసిన క్రూరమైన క్షణం అదే.

అయ్యగారు అప్పుడు లేచారు. ఎవరితోనూ వాదించలేదు. పోయి పిన్నమ్మ పక్కన నిలబడి, “అమ్మా, నువ్వు చేసిన పనిలో పాపం లేదు. ప్రభువు నీ కారణంగా ఎనక్కి పోలా. రాండి, పిల్లకాయలకు అన్నం పెడదాం” అన్నారు. మొదట ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఎండ ఎక్కేసరికి గుండిగ ఖాళీ అయింది.

బోధకుడు ఆ వారంలోనే పోయాడు. చిన్నాయనను నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. ఆలస్యమైపోయింది. 2000 ఫిబ్రవరిలో పోయాడు. బోధకుడి మాట ఇంకా నమ్ముతున్న కొందరు, విశ్వాసం చాలక పోయాడన్నారు. అయ్యగారు మా మందిరం సమాధుల తోటలోనే పెట్టించారు. ఏ గుంపువాడని అడగలేదు. సమాధి దగ్గర, మన విశ్వాసం ఎంతని చూసి ప్రభువు మనల్ని పట్టుకోడు, ఆయనే గట్టివాడు కాబట్టి పట్టుకుంటాడని చెప్పారు. తిరిగి వచ్చిన కుటుంబాలకు మళ్లీ బాప్తిస్మం ఇవ్వాలా, కొన్నాళ్లు ప్రభు భోజనపు బల్లకు దూరం పెట్టాలా అని కమిటీలో వాదన వచ్చింది. “తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో ఒకసారి ఇచ్చింది చాలు. వాళ్లు ఇప్పటికే చాలా పోగొట్టుకున్నారు” అని, తర్వాతి నెల మొదటి ఆదివారం అందరినీ ఒకే బల్ల దగ్గరికి పిలిచారు. ఆ పదో తరగతి పిల్ల తర్వాతి ఏడు పరీక్ష రాసి పాసయింది.

* * *

ఆ తర్వాత నేను చాలా చదివాను. 325లో నికయాలో సంఘాలు కూడి ఏరియస్ బోధను కాదన్నాయి. కుమారుడు ఎంత గొప్పవాడైనా సృష్టింపబడినవాడేనని, ఆయన లేని కాలం ఒకటి ఉందని ఏరియస్ బోధ. కుమారుడు తండ్రితో ఏకస్వభావం గలవాడని సంఘం ఒప్పుకుంది. 2025కి ఆ ఒప్పుకోలుకు 1,700 ఏళ్లు. ఈ లోతైన మాటలతో మా పల్లె కూలివాళ్లకేం పని అని ఒకప్పుడు పట్నంలో ఒకాయన అన్నాడు. చాలా పని ఉంది. యేసు పూర్తిగా దేవుడై, పూర్తిగా మనిషై, ఆయన చేసింది చాలినదైతే నాకూ దేవునికీ మధ్య ఖాళీ లేదు. ఆయన్ని ఎంత తగ్గిస్తే అంత ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలోకి ఒక మనిషి వచ్చి కూర్చుంటాడు. నల్లట్ట పుస్తకం కూర్చుంటుంది. మా బోధకుడు యేసు దేవుడు కాడని ఎన్నడూ అనలేదు. యేసు చాలడని మాత్రం రోజూ అన్నాడు. రెండు దారులూ పోయేది ఒకే చోటికి.

ఈ మాట చెప్పేటప్పుడు న్యాయం తప్పకూడదు. మా ఇంటికి ‘కావలికోట’ పత్రిక తెచ్చే యెహోవాసాక్షులు మర్యాదస్తులు. వాళ్ల బోధలో యేసు దేవుని మొదటి సృష్టి, త్రిత్వం లేదు. అది నికయా విశ్వాసం కాదని వాళ్ల ముఖం మీదే చెప్తాను, కాఫీ ఇచ్చి చెప్తాను. మునిపల్లెలో కలగర సుబ్బారావు గారు 1942లో క్రీస్తు దర్శనం పొందానన్నారు. క్రీస్తును ప్రేమించారు, రోగుల కోసం ప్రార్థించారు. బాప్తిస్మాన్నీ, సంఘాన్నీ, పాదరీలనూ మాత్రం కాదన్నారు. సంఘాన్ని వదులుకున్నది లోటని నేననుకుంటాను. అయినా ఆయన్నీ, అమాయకుల మందులు మాన్పించినవాణ్ణీ ఒకే మాటతో పిలవలేను. బోధలో తేడా ఒకటి, మనుషుల్ని బంధించడం ఒకటి. రెండూ కలిసినచోట ప్రాణాలు పోతాయి. 1978 నవంబరు 18న గయానాలోని జోన్స్‌టౌన్‌లో జిమ్ జోన్స్ మాట మీద 900 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో పసిపిల్లలున్నారు. 2023లో కెన్యాలోని షకహోలా అడవిలో, పస్తులుండి చనిపోతే యేసును కలుస్తారని నమ్మినవాళ్ల శవాలు 400కు పైగా బయటపడ్డాయి. ఈ వార్త చదివిన రోజు నాకు వెలిగొండల కింద ఒళ్లో నిద్రపోయిన పిల్లలు గుర్తొచ్చారు.

ఇప్పుడు మా మందిరంలో బాప్తిస్మానికి సిద్ధపడే పిల్లలకు నేను పాఠం చెప్తున్నాను. విశ్వాస ప్రమాణం కంఠతా పట్టిస్తాను, మా అవ్వకు పట్టించినట్టే. వాళ్లు ఫోన్లో ఏ ప్రసంగం విన్నా నాలుగు సంగతులు అడగమంటాను. ఈయన దగ్గర యేసు ఎవరు, ఆయన చేసింది చాలునా? బైబిలు మీద ఇంకేదైనా పుస్తకం, ఇంకెవరి మాటైనా ఎక్కి కూర్చుందా? నన్ను నా వాళ్లనుంచి, డాక్టరునుంచి, బడినుంచి విడదీస్తున్నాడా? మాట తప్పినప్పుడు తప్పు ఎవరి మీద వేస్తున్నాడు?

ఇవే ప్రశ్నలు మా అయ్యగారిని అడగవచ్చు, నన్ను అడగవచ్చు. అడగాలి. మన సంఘాల్లో పాస్టరును ప్రశ్నించడం తిరుగుబాటనే అలవాటు పెరుగుతోంది. అది దుర్బోధకు మనమే తలుపు తీసి పెట్టడం. పౌలునే సరిచూసుకోనిచ్చిన విశ్వాసం మనది. అడగనిచ్చే సంఘంలో ఉండండి. అడిగితే మీ ఇంట్లో చీకటి ఉందని లేచిపోయే బోధకుడి చేతుల్లో ఎన్ని స్వస్థతలు జరిగినా, ఆయన కూటంలోంచి మీ బిడ్డల చెయ్యి పట్టుకుని బయటికి రండి.